పూల బీడు, పిచ్చిమొక్కలు: విజయనగరం, శ్రీకాకుళం వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరానికి పడమటి వైపున్న మా గరువు (మెట్ట) భూమిలో 40 సెంట్లు ఆరేళ్ళుగా పంట వెయ్యకుండా పూల కోసం ఉంచాను. దారిన పోయేవాళ్ళు ఆగి అడిగినవి, చుట్టాలు ఫోన్ చేసి అడిగినవి, కొన్ని దెబ్బలాడుతూ అడిగినవి ఇక్కడ రాశాను. అన్నిటికీ నా జవాబు తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తుంది: ఏం విత్తామన్నదాని కంటే ఎప్పుడు కోశాం, ఎప్పుడు పీకాం అన్నదే ఇక్కడ అసలు పని.

పూల బీడు అంటే వదిలేసిన పొలమే కదా?

కాదు. మొదటి ఏడాది మా పెదనాన్న గట్టు మీద నిలబడి "ఏటి నాయనా, పంట ఎయ్యకుండా గడ్డి పెంచుతున్నావేటి?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, దూరం నుంచి చూస్తే అలాగే ఉంటుంది. కానీ మనవైపు ఏడాదికి ఇంచుమించు 1100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఈ తడికి పొలాన్ని నిజంగానే వదిలేస్తే మూడు నాలుగేళ్ళలో వయ్యారిభామ, లాంటానా, సర్కారు తుమ్మ లాంటి పిచ్చిమొక్కలు వచ్చి కూర్చుంటాయి. ఆ తరవాత అందులోకి మనిషి కాదు కదా, మేక కూడా దూరదు. పూల బీడుకి ఏడాదిలో ఒక కోత, వానాకాలంలో మూడు నాలుగు సార్లు ఏరివేత తప్పవు. మిగతా రోజుల్లో దాని జోలికి వెళ్ళకూడదు. ఇలా జోలికి వెళ్ళకుండా ఉండడమే చాలామందికి కష్టం.

మన నేలలో ఏ పూలు వస్తాయి?

ఎర్ర గరువు నేలలైతే తొలకరి పడ్డ నెలకి నేలబారున విష్ణుక్రాంతం నీలంగా కనబడుతుంది. పొద్దున్నే చూడాలి, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. దాని వెనకాలే పసుపు పూల కుక్కవామింట, తెల్లటి తుమ్మి వస్తాయి. భాద్రపదం, ఆశ్వయుజం నాటికి గునుగు గులాబీ రంగు కుచ్చులు, వెంపలి ఊదా పూలు, కంచె మీద శంఖపుష్పం. దసరాకి చెరువు వైపు రెల్లు తెల్లబడుతుంది. అంతా అయిపోయిందనుకునేసరికి తంగేడు పసుపు మిగులుతుంది. అంచుల్లో రేగు, వావిలి, జిల్లేడు ఉంటే తీసెయ్యకండి. జిల్లేడు ఆకు మీద నలుపు, పసుపు చారల గొంగళి పురుగు కనబడితే అది కొన్నాళ్ళకి నారింజ రంగు సీతాకోకచిలుకై ఎగురుతుంది. తంగేడు, కసింద ఆకుల్ని తిని పెరిగే సీతాకోకచిలుకలు ఇంకో రకం.

మీ నేల ఎలా ఉందో తెలుసుకోవడానికి నా దగ్గర ఒక మొరటు కొలత ఉంది. వినాయక చవితికి కావలసిన 21 పత్రుల్లో మీ బీడులో ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టండి. మా దాంట్లో ఉత్తరేణి, గరిక, జిల్లేడు, ఉమ్మెత్త, విష్ణుక్రాంతం, వాకుడు, రేగు, వావిలి, మొత్తం ఎనిమిది దొరుకుతాయి. మొదటి ఏడాది మూడే. చిన్నప్పుడు గట్ల వెంట తిరిగి ఏరుకున్న పత్రిని ఇప్పుడు బజార్లో కట్టకింత అని కొంటున్నాం కదా, ఆ బాధ కూడా కొంత తగ్గుతుంది.

విత్తనాల ప్యాకెట్లు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి, కొనొచ్చా?

వద్దు. రంగురంగుల బొమ్మలేసి అమ్మే ఆ మిశ్రమాల్లో చాలావరకు బయటి దేశాల తోట పూలే ఉంటాయి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా రోడ్డు పక్కన, చెరువు గట్టున, గుడి వెనక తిరిగితే సంచి నిండా ఊరి విత్తనమే దొరుకుతుంది. ఒక్కో చోట కొంచెం కొంచెం తీసుకుని మిగతాది అక్కడే వదలండి. నీడన ఆరబెట్టి, కొంచెం బూడిద కలిపి దాచుకోవచ్చు. తంగేడు, శంఖపుష్పం గింజల పైతోలు గట్టిది. వేడినీళ్ళు పోసి ఒక రాత్రి నానబెడితే మొలక బాగా వస్తుంది. గునుగు గింజ మరీ చిన్నది, ఇసకలో కలిపి చల్లకపోతే అంతా ఒకే చోట పడుతుంది. జూన్‌లో రెండు మంచి వానలు పడి నేల తడిశాక చల్లడమే. దున్నక్కర్లేదు, పైపైన గీరితే చాలు. లోతుగా దున్నితే ఎన్నాళ్ళుగానో కింద నిద్రపోతున్న కలుపు గింజ వెలుగు చూస్తుంది.

ఎరువు ఎంత వెయ్యాలి?

అసలు వెయ్యకండి. యూరియా వద్దు, పెంట కూడా వద్దు. బలమైన నేలలో గడ్డి ఏపుగా లేచి చిన్న పూల మొక్కల్ని మింగేస్తుంది. మన గరువులు నిస్సారం అని తిట్టుకుంటాం కానీ, ఈ పనికి అదే మేలు.

బయటి మట్టి కూడా తోలించకండి. ఇది నేను డబ్బిచ్చి నేర్చుకున్న పాఠం. మొదటి ఏడాది ఒక మూల గుంత పూడ్చడానికి రెండు ట్రాక్టర్ల మట్టి తెప్పించాను. ఆ మట్టి ఎక్కడిదని అడగలేదు. వానలు పడ్డాక ఆ మూలంతా పచ్చగా వయ్యారిభామ లేచింది. అప్పటిదాకా మా పొలంలో ఒక్క మొక్క లేదు. ఆరేళ్ళయినా ఆ మూలలో ఇంకా పీకుతూనే ఉన్నాను.

కోత ఎప్పుడు? ఎలా?

సంక్రాంతి వెళ్ళాక. అప్పటికి తుమ్మి, గునుగు, వెంపలి గింజ రాల్చేసి ఉంటాయి. నవంబరులో అంతా ఎండి, వాలి, చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "శుభ్రం చేయించకూడదా?" అంటారు. ఆ నెలన్నర ఓపిక పట్టగలిగితే సగం పని అయినట్టే. గింజ రాలకముందు కోస్తే మరుసటి ఏడు పూలుండవు, రెండేళ్ళు వరసగా అలా కోస్తే గడ్డే మిగులుతుంది.

కొడవలితో నేల నుంచి జానెడు ఎత్తు వదిలి కోయండి. అద్దెకి తెచ్చే బ్రష్ కట్టర్ తొందరగా నరుకుతుంది కానీ తంగేడు మొదలునీ సర్కారు తుమ్మ మొదలునీ ఒకేలా చూస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే ఏడాది మొత్తం కోయకండి. ఈ ఏడు తూర్పు సగం, వచ్చే ఏడు పడమటి సగం. కోయని సగంలో సీతాకోకచిలుకల గుడ్లు, ప్యూపాలు, బోలు కాడల్లో ఒంటరి తేనెటీగల గూళ్ళు ఉంటాయి. కౌజు పిట్టలకీ దాక్కోవడానికి చోటు కావాలి. కోసిన గడ్డి రెండు రోజులు అక్కడే ఆరనిచ్చి, మిగిలిన గింజ రాలాక బయటికి మోసెయ్యాలి. అక్కడే కుళ్ళనిస్తే అదే ఎరువవుతుంది, మళ్ళీ గడ్డికి బలం. మా ఇంటి దగ్గర పాలవాళ్ళు మోసుకుపోతారు, నాకు కూలి ఖర్చు మిగులుతుంది.

కూలీలతో చేయిస్తుంటే పక్కనే ఉండండి. రెండో ఏడు నేను పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి తంగేళ్ళన్నీ మొదలంటా నరికి, లాంటానా పొదని మాత్రం "పూలు బాగున్నాయని ఉంచేశాం బాబూ" అన్నారు. తప్పు నాదే. ఏది ఉంచాలో ఎర్ర గుడ్డ కట్టి చూపించాలని అప్పుడు తెలిసింది.

కోయడం దేనికి, అగ్గిపుల్ల గీస్తే పోదా?

పోయేవి పోకూడనివి. మంటకి తేనెటీగల గూళ్ళు, తొండలు, గుడ్లు పోతాయి. లాంటానా మాత్రం మొదలు నుంచి మళ్ళీ చిగురించి, ఖాళీ అయిన నేలంతా ఆక్రమిస్తుంది. పీకి ఎండబెట్టిన లాంటానా పుల్లలుంటే భోగి మంటకి పనికొస్తాయి, అంతవరకే.

ఆవుల్ని, మేకల్ని వదలొచ్చా?

కోత అయ్యాక, ఫిబ్రవరి నుంచి మే దాకా కొన్నాళ్ళు వదిలితే మంచిదే. వానాకాలంలో వద్దు. పశువు తెలివైనది, మంచి గడ్డి ఉన్నంతసేపు వయ్యారిభామనీ లాంటానానీ ముట్టుకోదు. దాంతో మంచి మొక్కలు తరిగిపోయి, చెడ్డవాటికి చోటు పెరుగుతుంది. ఇంకోటి, సర్కారు తుమ్మ కాయలు తీపిగా ఉంటాయి. ఊళ్ళో అవి తిన్న మేకలు మీ బీడులో పెంటికలు వేస్తే మొలకలు మీకే. గత్యంతరం లేక లాంటానా ఆకు ఎక్కువగా తిన్న పశువుకి కాలేయం దెబ్బతింటుంది, ఎండ తగిలిన చోట చర్మం పగులుతుంది. వయ్యారిభామ తింటే పాలు చేదెక్కుతాయి.

వయ్యారిభామ సంగతి చెప్పండి. ఎంత పీకినా పోవడం లేదు.

అందరూ అడిగేది ఇదే. పేరు పెట్టినవాళ్ళు దాని నడుముని చూశారేమో, గుణం చూడలేదు. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. పుట్టిల్లు అమెరికా ఖండం, మన దేశంలో 1955 ప్రాంతంలో పుణెలో గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందని చెబుతారు. ఒక్క మొక్క పది వేల నుంచి పాతిక వేల దాకా గింజలు రాలుస్తుంది. అవి మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. మొలిచిన నెల, నెలన్నరకే పూతకొస్తుంది. తడి ఉంటే దానికి కాలంతో పని లేదు, వేసవిలో కుళాయి పక్కన కూడా మొలుస్తుంది. పైగా వేళ్ళ నుంచి, కుళ్ళిన ఆకుల నుంచి దిగే రసాయనాలు పక్క మొక్కల మొలకని అణిచేస్తాయి.

అందుకని పీకడం కంటే పీకే వేళ ముఖ్యం. వాన పడ్డ మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, తెల్ల పూత కనబడకముందే వేళ్ళతో సహా పీకాలి. కొడవలితో పైకి కోస్తే మొదట్లోంచి నాలుగు కొమ్మలు వేస్తుంది. మా లెక్కన జులై మొదట్లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి, అక్టోబరు తుపాను వానల తరవాత ఒకసారి, ఆ పైన కంటబడినప్పుడల్లా. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన కేంద్రం ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు ఈ మొక్క మీద అవగాహన వారం జరుపుతుంది. ఆ తేదీలు మన వానలకీ సరిపోతాయి. పీకిన చోటు ఖాళీగా ఉంచకండి. తంటెం (తగిరిస) మొక్క గింజలు చల్లితే అది ఒత్తుగా లేచి వయ్యారిభామకి చోటివ్వదు.

చేతికి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకి గుడ్డ ఉండాల్సిందే. మొదట్లో ఏమీ కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఒంటికి పడక దురద, మెడ మీద, మోచేతి మడతల్లో నల్లటి మచ్చలు మొదలవుతాయి, ఒకసారి వస్తే వదలదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈ పనికి దిగొద్దు. పిల్లల చేత అసలు పీకించొద్దు.

అది మాచిపత్రి అనుకున్నామండీ!

ఈ పొరపాటు చాలామంది చేస్తారు. లేత వయ్యారిభామ ఆకు మాచిపత్రిలాగే చీలికలు చీలికలుగా ఉంటుంది, పైగా చవితి రోజులకే గుబురుగా లేస్తుంది. ఆకుని నలిపి చూడండి. మాచిపత్రికి ఘుమఘుమలాడే మందు వాసన ఉంటుంది, దీనికి ఉండదు. అనుమానం ఉంటే పత్రిలో పెట్టకండి, గణపతి ఏమీ అనుకోడు.

ఉప్పునీళ్ళు కొడితే చస్తుందట, నిజమేనా?

నూటికి 15 నుంచి 20 పాళ్ళ ఉప్పు కలిపిన నీళ్ళు పిచికారీ చేస్తే మాడుతుంది, నిజమే. సిమెంటు వాకిట్లోనో, గోడ పగుళ్ళలోనో ఉంటే కొట్టుకోండి. బీడులో మాత్రం కొట్టొద్దు, ఉప్పు ఆ మట్టిలోనే ఉండిపోతుంది. కలుపు మందులూ అంతే. వెడల్పాకు కలుపుకని అమ్మే 2,4-డి మీ తుమ్మినీ విష్ణుక్రాంతాన్నీ కూడా కలుపు కిందే లెక్కేస్తుంది. 40 సెంట్లలో చేతులతో అయ్యే పనికి మందెందుకు?

వయ్యారిభామ ఆకుల్ని ఏదో పురుగు తినేస్తోంది, మందు కొట్టాలా?

దయచేసి కొట్టకండి! తెల్లటి వీపు మీద నల్లటి వంకర గీతలున్న చిన్న పెంకుపురుగు అయితే అది మీ తరఫు కూలీ. మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలారు, అక్కడి నుంచి పాకింది. వానలప్పుడే పని చేస్తుంది, ఎండలు ముదిరితే మట్టిలోకి దిగి నిద్రపోతుంది. దాన్ని నమ్ముకుని చేతులు కట్టుకోలేం కానీ, ఉన్నచోట వయ్యారిభామ గిడసబారి పూత తగ్గుతుంది.

లాంటానా నరికిన కొద్దీ పెరుగుతోంది. ఎలా?

నరకడమే పొరపాటు. 1800ల మొదట్లో కలకత్తా తోటలో అందం కోసం పెట్టిన మొక్క ఇది, ఇవాళ తూర్పు కనుమల పాదాల దాకా అల్లుకుంది. కాండం, వేరు కలిసే చోట దీని ప్రాణం ఉంటుంది. పై కొమ్మలు కొట్టేశాక, గునపంతో మట్టి తొలిచి, నేలకి రెండంగుళాల కింద తల్లివేరుని నరికి, ఆ మొదలుని తలకిందులు చేసి ఆరనివ్వండి. అది మళ్ళీ లేవదు. మొత్తం తవ్వి తియ్యనక్కర్లేదు, నేల కదలదు, పొదకి పది నిమిషాల పని. నల్లటి పండ్లు పండకముందే, వానాకాలం మొదట్లో చెయ్యండి.

ఆ తరవాత మూడేళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. పండ్లు తిన్న పికిలిపిట్టలు, గోరింకలు కూర్చునే వేపచెట్టు కింద, కరెంటు తీగల కింద మొలకలు వరసగా వస్తాయి. బెత్తెడు ఉన్నప్పుడైతే రెండు వేళ్ళతో వస్తాయి.

సర్కారు తుమ్మకీ మన నల్ల తుమ్మకీ తేడా ఎలా తెలుస్తుంది?

నల్ల తుమ్మకి గుండ్రటి పసుపు బంతుల్లాంటి పూలు, పూసల దండలా నొక్కులు నొక్కులుగా ఉండే కాయలు. అది మన చెట్టు, ఉండనివ్వండి. సర్కారు తుమ్మకి వేలెడు పొడుగు కంకుల్లా పూలు, నొక్కులు లేని పసుప్పచ్చ కాయలు. 1877లో కడప ప్రాంతంలో వంటచెరకు కోసం వేశారు, ఆ మేలు ఎంతో గానీ మనకి మిగిలింది ముళ్ళు. పైకి కొడితే పది కొమ్మలేస్తుంది, కాబట్టి నేలకి అడుగు లోతున మొదలు తవ్వి తియ్యాలి. మొలకలున్నప్పుడే పీకడం తెలివి.

తులసిలా వాసన వచ్చే పొడుగు మొక్క ఒకటి రోడ్డు పొడవునా లేస్తోంది, అది మంచిదేనా?

దాన్ని హిప్టిస్ అంటారు. ఆకు నలిపితే తులసీ పుదీనా కలిసిన ఘాటు, చిన్న ఊదా పూలు, ఆరడుగుల దాకా ఎత్తు. ఇదీ అమెరికా ఖండపుదే. పశువు తినదు, అందుకే గజపతినగరం నుంచి సాలూరు దాకా ఎక్కడ చూసినా ఇదే కనబడుతోంది నాకు. ఒక ఏడాది బతికే మొక్క కాబట్టి ఆగస్టులో మోకాలెత్తు ఉన్నప్పుడు పీకేస్తే చాలు. రెండు మూడేళ్ళు గింజ పడనివ్వకపోతే బాగా తగ్గుతుంది. నాకు అన్నిటికంటే త్వరగా లొంగింది ఇదే.

పీకిన మొక్కల్ని ఏం చెయ్యాలి?

పూత రానివైతే గోతిలో వేసి కంపోస్టు చేసుకోవచ్చు. పూసినవి, గింజ పట్టినవి వేరే గోనెలో కట్టి ఎండలో మాడ్చాలి. గట్టు మీద కుప్పగా పారేస్తే ఆ కుప్ప మీదే కొత్త మొక్కలు లేస్తాయి.

చెరువులో గుర్రపుడెక్క, గట్టున తూటికాడ ఉన్నాయి.

గుర్రపుడెక్కని వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు గట్టెక్కించాలి, వానల్లో చేస్తే తెగిన ముక్కలే మళ్ళీ పెరుగుతాయి. తూటికాడదీ అదే గుణం, తడి తగిలిన ప్రతి కాడ ముక్కా వేరేస్తుంది. నరికిన కాడల్ని కంచెకి గుచ్చే అలవాటు మానుకోవాలి.

బయటి దేశం మొక్కలన్నీ చెడ్డవేనా?

అయితే జీడిపప్పు మీద బతికే పలాస మూతపడాలి! జీడిమామిడి పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి తెచ్చిందే. ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాదు, వచ్చి ఏం చేస్తోందన్నది చూడాలి. దెబ్బ తగిలితే ఆకు పసరు పిండుకునే గడ్డి చామంతి కూడా మధ్య అమెరికాదే. మా బీడులో అంచుల వెంట ఉంటుంది, మే నెల ఎండలో ఏ పూలూ లేనప్పుడు చిన్న తేనెటీగలకి అదే దిక్కు. నేను దాన్ని ముట్టుకోను. అరకులో ఫొటోలు దిగే వలిసెలూ ఆఫ్రికా పంటే, ఒక చాలు వేసుకుంటే తేనెటీగలకి మంచిది.

ఉద్దానంలో జీడితోట కింద ఇలా ఉంచొచ్చా?

ఉంచొచ్చు, నాకైతే ఉంచాలనే అనిపిస్తుంది. జీడి పూత చలికాలం చివర రెండు మూడు నెలలే. ఆ పూతకి పరాగ సంపర్కం చేసే తేనెటీగలు, ఈగలు మిగతా ఏడాదంతా ఏదో తిని బతకాలి కదా. చెట్ల వరసల మధ్య తుమ్మి, వెంపలి వదిలి, గింజలేరే ముందు చెట్టు కింద మాత్రం శుభ్రం చేసుకోండి. 2018లో తిత్లీ తుపానుకి చెట్లు కూలిన తోటల్లాంటి చోట ఎండ నేరుగా నేలని తాకుతుంది, పిచ్చిమొక్కలు ముందు దిగేది అక్కడే.

బారువ, కళింగపట్నం వైపు ఇసక నేల ఉంది, ఏం వెయ్యాలి?

ఏమీ వెయ్యకండి. ఊదా పూల బలబంద తీగ ఇసక దిబ్బని పట్టుకుని ఉంటుంది, దాన్ని తొలగించకుండా ఉంటే చాలు. ఆ తీరానికి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, చలికాలం చివర్లో తవ్వకాలు అసలు పెట్టుకోవద్దు.

పాములు రావా?

వస్తాయి. ఎలుకలున్న చోటికి అవీ వస్తాయి. నడిచే దారిని మూడడుగుల వెడల్పున ఎప్పుడూ పొట్టిగా కోసి ఉంచండి, ఇంటికీ బీడుకీ మధ్య పదిహేను అడుగులు ఖాళీ వదలండి, బూట్లు లేకుండా దిగొద్దు, చీకటి పడితే టార్చి ఉండాలి. కాటు పడితే నాటువైద్యం, గాటు పెట్టడం అన్నీ పక్కనపెట్టి, కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి. పాము కంటే నాకు నల్లుల్లాంటి చిన్న పురుగుల టెన్షన్ ఎక్కువ. పొదల్లో ఉండే వాటి పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. ఒంటి మీద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ, జ్వరం కలిసి కనబడితే బీడులో పని చేశామని డాక్టరుకి చెప్పండి. సమయానికి మందు పడితే తగ్గిపోతుంది.

పక్క రైతు గొడవ చేస్తున్నాడు, మీ గునుగు మా చోడి (రాగి) చేలోకి వస్తోందని.

ఆయన మాట నిజమే, మెట్ట పంటల్లో గునుగు కలుపే. నేను ఆ గట్టు వైపు ఆరడుగులు గునుగు లేకుండా ఏరేసి, అక్కడ గోగు వరస వేశాను. గోగు పువ్వూ అందంగానే ఉంటుంది, పసుపులో మధ్య ఎర్రటి బొట్టు. కూర మాత్రం ఆయనే కోసుకెళ్తున్నాడు.